ఇంటి దగ్గర తంగేడు పెంచినవాళ్లు ఉన్నారా? రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ పోయింది

గుట్టకిందిల్లు (కరీంనగర్)

నమస్తే అందరికీ. మొక్కల గురించి నాకు పెద్దగా తెలియదు, తప్పుగా అడిగితే చెప్పండి. మా ఇంటి వెనక గుట్ట ఉండేది. చిన్నప్పుడు బతుకమ్మ తొమ్మిది రోజులూ పొద్దున్నే సంచులు పట్టుకుని ఆ గుట్టకే పోయేవాళ్లం, ఎక్కడ చూసినా తంగేడే, కింద చెలకల్లో గునుగు. ఇప్పుడు ఆ గుట్టను సగం తవ్వేశారు, మిగతా సగం ప్లాట్లు. పోయిన ఏడాది ఎంగిలిపూల రోజు మార్కెట్లో తంగేడు కట్టలు కొనుక్కొచ్చాం, ఇంటికి చేరేసరికి రేకులు సగం రాలిపోయాయి. మా అమ్మ ఆ కట్ట విప్పుతూ "తంగేడు గూడ కొనుక్కునే రోజులొచ్చినయా" అన్నది. ఆ మాట నా మనసులో నుంచి పోవడం లేదు. అందుకే ఇంటి ముందు ఖాళీలో రెండు మూడు తంగేడు చెట్లు ఎలాగైనా పెంచాలనుకున్నాను.

మొదటిసారి ఏప్రిల్‌లో రోడ్డు పక్క బీట్లో ఉన్న మోకాలెత్తు మొక్కను గడ్డపారతో తవ్వి, మట్టితో సహా తెచ్చి పెట్టాను. పొద్దున సాయంత్రం నీళ్లు పోశాను. వారంలోపే ఆకులన్నీ వాలిపోయి పుల్ల మిగిలింది.

రెండోసారి మా మేనత్త ఊరి నుంచి ఎండుకాయలు పంపితే గింజలు తీసి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి నలభై దాకా పెట్టాను. రెండే మొలిచాయి! వాటిని కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపిన కుండీలోకి మార్చాను. ఒకటి మొదలు దగ్గర నల్లబడి మెత్తగా అయి పడిపోయింది, రెండోది పసుపు రంగుకు తిరిగి అదీ పోయింది. గులాబీకి, మందారానికి చేసినట్టే చేశాను, ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కావడం లేదు. బీట్లో ఎవరూ చూడకపోయినా పెరిగే చెట్టు, ఇంత చూసుకున్నా నా దగ్గర ఎందుకు బతకడం లేదు?

నా దగ్గర ఇంకా గుప్పెడు గింజలున్నాయి. ఇంటి ముందు నేలంతా కట్టేటప్పుడు పోసిన మొరం, అది పనికిరాదేమోనని కుండీలో పెట్టాను. నేలలోనే పెట్టమంటారా, కుండీలోనా? ఇప్పుడు పెడితే ఈ బతుకమ్మకు పూస్తుందా? దయచేసి స్వయంగా పెంచినవాళ్లు చెప్పండి.

చెలకరైతు (దేవరకొండ)

అక్కా, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. బీట్లో దాన్ని ఎవరూ చూసుకోరు కాబట్టే అది బాగుంటుంది. మా చెలక గెట్ల మీద నలభై యాభై తంగేడు చెట్లున్నాయి, మా తాత కాలం నుంచి ఎవరూ ఒక్క చెంబు నీళ్లు పోసింది లేదు. కుండీలోని ఆ రెండు మొలకలనూ చంపింది నీళ్లూ, ఎరువే. కోపం తెచ్చుకోకండి, మొదట్లో అందరూ చేసే పనే ఇది.

ముందు తవ్వి తెచ్చిన మొక్క సంగతి. తంగేడుకు తల్లివేరు చాలా లోతుకు పోతుంది. మొక్క పైన మోకాలెత్తు ఉందంటే వేరు దానికంటే లోతుగా మొరంలోకి దిగి ఉంటుంది. గడ్డపారతో తవ్వినప్పుడు మీకు వచ్చింది పైన జానెడు ముక్క, నీళ్లు తాగే భాగమంతా అక్కడే తెగి ఉండిపోయింది. అదీ ఏప్రిల్ ఎండలో. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా తాగడానికి వేరు లేదు. అందుకని బయటి మొక్కను తవ్వి తెచ్చే పని ఎప్పుడూ పెట్టుకోకండి, మీ ఇంట్లో బతకదు, అక్కడ ఉన్నదీ పోతుంది. అంత తిప్పలు పడి తవ్వేకంటే ఆ చెట్టు కాయలు నాలుగు తెంపుకొస్తే చాలు.

ఇక గింజల సంగతి. తంగేడు గింజకు పై తోలు చాలా గట్టిది, మామూలు నీళ్లు లోపలికి పోవు. అది చెట్టు తెలివి అనుకోండి, ఒక చినుకు పడగానే అన్నీ మొలిచి ఎండకు మాడిపోకుండా కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలుస్తాయి. మీకు నలభైలో రెండు రావడానికి కారణం అదే, మిగతా ముప్పై ఎనిమిదీ చెడిపోయినవి కావు. ఆ మట్టి పారబోయకుండా ఉంటే వచ్చే వానలకు ఇంకా కొన్ని లేచినా లేస్తాయి.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు గింజలను మామూలు నీళ్లలో వేస్తే తేలినవి తీసి పడేయండి, వాటిని లోపల పురుగు తిని ఉంటుంది, కొన్నింటికి సన్నటి బొక్క కనబడుతుంది కూడా. మునిగినవి గిన్నెలో వేసుకుని, నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించి, రెండు నిమిషాలు ఆగి ఆ వేడినీళ్లు పోయండి, గింజల మీద నాలుగు వేళ్ల ఎత్తు నిలిచేలా. మంట మీద మాత్రం గింజలు ఉడికించకండి. అట్లాగే చల్లారనిచ్చి తెల్లారేదాకా వదిలేస్తే పొద్దున్నకు కొన్ని ఉబ్బి రెండింతలై ఉంటాయి. ఉబ్బినవి ఆరనీయకుండా అదే రోజు పెట్టాలి. ఉబ్బనివాటికి మళ్లీ అదే వేడినీళ్లు. మా పక్క చేను ఆయన వేడినీళ్లకు బదులు గరుకు కాగితం మీద ఒక్కో గింజనూ ఒక పక్క కొంచెం రుద్దుతాడు, పై రంగు పోయి లోపలి తెలుపు కనబడేదాకా. పది పదిహేను గింజలకైతే అదే మేలు.

పెట్టేది నేలలోనే. మీరు పనికిరాదనుకున్న మొరమే దానికి కావలసింది! సిమెంటు గడ్డలుంటే ఏరేయండి, గడ్డపారతో రెండడుగుల లోతు వదులు చేసి మళ్లీ అదే మట్టి నింపండి, ఎర్రమట్టి దొరికితే పైన ఒక తట్ట కలపండి, అంతే. ఎరువు వద్దు. గుంతకు మూడు గింజలు, అర అంగుళం లోతున. గుంతకూ గుంతకూ నాలుగైదు అడుగుల దూరం, ఎందుకంటే ఇది పొద, పక్కలకు పరుచుకుంటుంది. పూర్తి ఎండ ఉండాలి. గోడ నీడలో పెడితే ఆకు వస్తుంది, పువ్వు రాదు.

మిరుగం దాటి ఒకటి రెండు మంచి వానలు పడ్డాక పెట్టండి. నాలుగైదు ఆకులు వచ్చేదాకా మట్టి పూర్తిగా ఎండకుండా చూసుకుంటే చాలు, ఆ తర్వాత వాన పడకపోతేనే వారానికి ఒకసారి. మొదటి ఎండాకాలం గడిచేదాకా పది పదిహేను రోజులకు ఒక బకెట్ పోయండి. ఆ ఎండాకాలం దాటిందంటే ఇక మీ అవసరం దానికి ఉండదు.

ఈ బతుకమ్మకు మాత్రం పూయదు అక్కా. మాకు రెండో వానకాలం చివరికి నాలుగు గుత్తులు కనబడతాయి, మూడో ఏడు నిండుగా పూస్తుంది.

మేడమీదితోట (హైదరాబాద్)

కుండీ గురించి నేను చెబుతాను, మాకు నేల లేదు, నా తంగేడు మూడేళ్లుగా మేడ మీదే ఉంది.

అంతకంటే ముందు ఒక మాట, మీరు గింజలతో మొదలుపెట్టడం మంచిదైంది. నేను మొదట ఒక నర్సరీలో తంగేడు అని అడిగి మొక్క కొన్నాను. మా అత్తమ్మ వాళ్ల ఊళ్లో ఇంటి ముందు పెట్టించాను, రెండేళ్లలో ఇంటి కప్పును దాటిపోయింది! తీరా చూస్తే అది సీమతంగేడు, రోడ్ల పక్కన నీడకు పెంచే పెద్ద చెట్టు. అదీ పసుపు పువ్వే, ఆకులూ దూరం నుంచి కొంచెం అలాగే ఉంటాయి, అమ్మినవాళ్లకూ తేడా తెలియలేదనుకుంటాను. ఆ రెండేళ్లు పోయినందుకు చాలా బాధపడ్డాను, అందుకే గుర్తు పట్టడం నేర్చుకున్నాను. అసలు తంగేడుకు ఆకు కొమ్మకు అతుక్కునే చోట రెండు పక్కలా చెవుల్లాగా గుండ్రటి చిన్న ఆకులు ఉంటాయి. చాలా చిన్న మొక్కలో కూడా ఆ చెవులు కనబడతాయి. అవి లేకపోతే కొనకండి. కాయ చూసినా తెలిసిపోతుంది, తంగేడు కాయ బల్లపరుపుగా, పల్చగా, ఎండాక కాగితంలా గలగలమంటుంది, లోపల గింజలున్న చోట్లు పైకి ఉబ్బెత్తుగా కనబడతాయి.

కుండీ విషయానికొస్తే, వెడల్పు కంటే లోతు ముఖ్యం. నేను 20 లీటర్ల పెయింట్ డబ్బా వాడాను, అడుగున వేలు పట్టేంత బొక్కలు ఎనిమిది. మట్టి మిశ్రమం ఏమిటంటే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు నలగ్గొట్టిన ఇటుక ముక్కలు, మొత్తానికి ఒక్క గుప్పెడు పాత పశువుల ఎరువు. కోకోపీట్ అసలు వద్దు, అది నీళ్లు పట్టి ఉంచుతుంది, ఈ మొక్కకు అదే పడదు. మీ మొక్క మొదలు నల్లబడి మెత్తబడిందన్నారు కదా, నాకూ మొదటి ఏడు సరిగ్గా అదే జరిగింది, అది తేమ ఎక్కువై వచ్చే కుళ్లే. గింజను నేరుగా ఆ డబ్బాలోనే పెట్టాను, చిన్న కప్పులో మొలిపించి తర్వాత మార్చడం లాంటివి చేయలేదు. ఇప్పటిదాకా ఆ డబ్బా మార్చలేదు, మార్చే ఉద్దేశం కూడా లేదు.

వానకాలం డబ్బా కింద ఇటుకలు పెట్టి ఎత్తి ఉంచుతాను, కింద పళ్లెం పెట్టను. వరసగా నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు చూరు కిందికి జరుపుతాను. ఎండాకాలం మాత్రం కుండీ మొక్కకు నేల మొక్కలాంటి ధైర్యం ఉండదు, మేడ మీద డబ్బా బాగా వేడెక్కుతుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి నీళ్లు తప్పవు. మట్టిలో వేలు పెడితే రెండు కణుపుల లోతు దాకా పొడిగా ఉంటేనే పోస్తాను.

పూల మాటకొస్తే మీరు ముందే తెలుసుకోవడం మంచిది. మొదటిసారి, అంటే రెండో ఏడు, నాకు మూడు గుత్తులు వచ్చాయి. పోయినసారి పదిహేను దాకా. డబ్బా చెట్టుతో బతుకమ్మ మొత్తం పేర్చలేం, తాంబాళం అంచున మొదటి వరస వస్తుంది. అయినా ఆ వరస మన ఇంటి తంగేడుతో పేర్చడం ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. మీకు నేల ఉంది కాబట్టి నేలలోనే పెట్టండి.

ఇంకొకటి, మీ పూలు రాలిపోయాయన్నారు. విచ్చిన పువ్వు రేకులు తొందరగా రాలతాయి. పొద్దున్నే మంచు ఆరకముందే, సగం విచ్చిన పూలూ మొగ్గలూ ఉన్న గుత్తులను చిన్న కాడతో తెంపి తడిగుడ్డలో వదులుగా చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో కుక్కితే గంటలోనే ఉక్కపోసి పాడవుతాయి.

గుట్టకిందిల్లు (కరీంనగర్)

అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ఆ రెండో మొక్క పసుపుగా అయినప్పుడు ఎరువు తక్కువైందని ఇంకో రెండు పిడికిళ్లు వర్మీకంపోస్ట్ వేశాను, ఇప్పుడు తలుచుకుంటే చాలా బాధగా ఉంది. నేను వేసింది తంగేడేనని ఆ చెవుల వల్ల ఖాయమైంది, నా ఫోన్లో ఉన్న పాత ఫోటో పెద్దది చేసి చూశాను, ఉన్నాయి.

ఇంకో రెండు డౌట్లు. మా మేనత్త చెట్టును పచ్చ పురుగులు మొత్తం తినేస్తాయట, ఏ మందు కొట్టాలి? ఇది కంది, పెసర జాతిదే కదా, వేళ్ల బుడిపెలతో నేలకు నత్రజని ఇస్తుందని ఒకచోట విన్నాను, అయితే పక్కన వంకాయ మొక్కలు పెట్టుకోవచ్చా?

బోటనీసారు (వనపర్తి)

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఈ చెట్టు చూపించే పాఠం చెప్పాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తే ఏమనుకోకండి.

నత్రజని సంగతి ముందు. తంగేడు చిక్కుడు కుటుంబానిదే, రేల, చింత కూడా అదే కుటుంబం. కానీ ఈ కుటుంబంలో ఉన్న ప్రతి మొక్కకూ వేరుబుడిపెలు ఉండవు. తంగేడు సెన్నా అనే ప్రజాతిలోది, సెన్నాలకు సాధారణంగా బుడిపెలు రావు. అందుకని పక్క మొక్కకు దాని వేళ్ల నుంచి నత్రజని అందుతుందని ఆశ పెట్టుకోవద్దు. దాని ఆకు మాత్రం మంచి పచ్చిరొట్ట, పాత రోజుల్లో కొమ్మలు కొట్టి వరి మళ్లలో తొక్కేవారు. పుస్తకాల్లో ఇదివరకు కేసియా ఆరిక్యులేటా అని ఉండేది, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నారు. ఆరిక్యులేటా అంటే చెవులు ఉన్నది అని, పైన ఆవిడ చెప్పిన ఆ చెవులను బట్టే ఆ పేరు వచ్చింది. ఆవిడ అంత చక్కగా గమనించినందుకు నాకు చాలా ఆనందమైంది. వంకాయ పక్కన పెట్టవద్దు, కారణం వేరే, వంకాయకు రోజూ నీళ్లు కావాలి, తంగేడుకు అక్కర్లేదు, ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతుంది.

ఇప్పుడు పురుగు. మందు కొట్టకండి, దయచేసి. లేత పసుపు, తెలుపు కలిసిన రంగులో ఒక సీతాకోకచిలుక వానకాలంలో తంగేడు చుట్టూ తిరుగుతూ ఉంటుంది, లేత ఆకు మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. ఆ పచ్చ పురుగు దాని పిల్లే. పెద్ద చెట్టును అది ఎంత తిన్నా పది పదిహేను రోజుల్లో మళ్లీ చిగురు వస్తుంది, చెట్టుకు ఏమీ కాదు. పది ఆకులు కూడా లేని చిన్న మొక్క మీద కనబడితే మాత్రం ఆ ఆకుతో సహా తుంచి, దగ్గర్లో రేల చెట్టు ఉంటే దాని మీద వదలండి, రేల ఆకును కూడా ఆ జాతి పురుగులు తింటాయి. చిగుళ్ల దగ్గర తెల్లగా పిండిలా అంటుకుని ఉంటే అది వేరే, అది పిండినల్లి, గుడ్డ ముక్కను సబ్బు నీళ్లలో ముంచి తుడిచేస్తే పోతుంది.

మందు వద్దనడానికి అసలు కారణం తుమ్మెదలు. మీ చెట్టు పూసినప్పుడు పొద్దున్న ఏడు గంటలప్పుడు పక్కన నిలబడి వినండి. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒక్కసారిగా ఒళ్లంతా అదిరించి జుయ్యిమని శబ్దం చేస్తుంది. అది ఎగిరేటప్పటి శబ్దం కాదు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా బయట రాలి ఉండదు, కేసరాల చివర సన్నటి రంధ్రాలుంటాయి, పువ్వును గట్టిగా అదిరిస్తేనే ఆ రంధ్రాల్లో నుంచి ఉప్పు డబ్బా కొట్టినట్టు రాలుతుంది. మొత్తం పది కేసరాలు, పైన మూడు గొడ్డువి, మధ్యలో నాలుగు పొట్టివి, కింద పెద్దవి. పొట్టివాటి పుప్పొడి తుమ్మెద తన తిండికి తీసుకుంటుంది, పెద్దవాటిది దాని ఒంటికి అంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. ఇది చూశాక పిల్లల ముఖాలు ఎలా వెలిగేవో నాకు ఇప్పటికీ గుర్తు. తుమ్మెద రాకపోతే కాయ సరిగ్గా పట్టదు, కాయ లేకపోతే వచ్చే ఏటికి గింజ ఉండదు.

పందుంపుల్ల (మహబూబ్‌నగర్)

ఈ చర్చ చూసి చాలా సంతోషంగా ఉంది. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు, కానీ మా వైపు ప్రతి ఏడూ తగ్గుతున్నది. ప్లాట్ల కోసం బీళ్లు చదును చేయడం ఒకటి, పండగ ముందు కత్తులతో మోపులు మోపులుగా కొమ్మలు కొట్టి బండ్లలో వేసుకుపోవడం ఇంకొకటి. పూలు కోయండి, ఎవరూ కాదనరు, కొమ్మ మొత్తం కొట్టేస్తే ఆ చెట్టుకు కాయలు ఎక్కడివి? మా నాయన రోజూ తంగేడు పుల్లతోనే పళ్లు తోముకునేవాడు, ఒక చెట్టు నుంచి ఒక్క పుల్లే విరిచేవాడు. తోళ్లు పదును చేసేవాళ్లు కూడా తంగేడు చెక్కే వాడేవాళ్లు, అయినా ఆ చెట్లు తరిగిపోలేదు, ఎందుకంటే కొట్టిన మోడు మళ్లీ చిగురించడానికి నేల మిగిలి ఉండేది.

సారు, ఒక ప్రశ్న. ఈ పూల టీ తాగితే షుగర్ పోతుందని వాట్సాప్‌లో తిరుగుతున్నది, నిజమేనా?

బోటనీసారు (వనపర్తి)

తంగేడు పూలు ఎండబెట్టి కషాయం తాగడం తమిళనాడులో ఎప్పటి నుంచో ఉంది, వాళ్లు ఆవారం పూ అంటారు, శ్రీలంకలో రణవర అని తాగుతారు. అలవాటుగా తాగడం వేరు, దాన్ని నమ్ముకుని షుగర్ మాత్రలు మానేయడం వేరు. మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు. నేను మొక్కల పాఠం చెప్పేవాణ్ని, వైద్యం మీద ఇంతకంటే చెప్పను.

చెలకరైతు (దేవరకొండ)

కత్తిరింపు గురించి ఎవరూ చెప్పలేదు, పూలు నిండుగా రావాలంటే అదే ముఖ్యం.

తంగేడు కొత్తగా వచ్చిన కొమ్మల చివరనే ఎక్కువగా పూస్తుంది. పాత కొమ్మలు అట్లాగే వదిలేస్తే చెట్టు కింద బోసిపోయి పైన చివర్లకే నాలుగు పూలు ఉంటాయి, చూడ్డానికి కూడా బాగుండదు. మొక్క అడుగు ఎత్తు వచ్చినప్పుడు తల కొన గోటితో తుంచేయండి, పక్క కొమ్మలు లేస్తాయి. రెండో ఏటి నుంచి, కాయలన్నీ ఎండి గింజ తీసుకున్నాక, అంటే మార్చి దాటాక, మూడో వంతు ఎత్తు కత్తిరించండి. ముసలి చెట్టైతే మే చివర్లో నేల మీద జానెడు ఉంచి మొత్తం నరికినా భయం లేదు, వాన పడగానే మోడు నుంచి గుంపుగా చిగుళ్లు వస్తాయి. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, జులై దాటాక కత్తెర ముట్టవద్దు. భాద్రపద అమావాస్యకు పూయాల్సిన కొమ్మలు అప్పటికి తయారవుతూ ఉంటాయి, అప్పుడు కోస్తే పండగకు పూలు ఉండవు. మా చిన్నమ్మ ఒక ఏడు ఆగస్టులో చెట్టు బాగా గుబురుగా ఉందని కత్తిరించింది, సద్దుల నాటికి ఒక్క గుత్తి కూడా లేదు, దీపావళి దాటాక పూసింది.

అక్కా, పోయిన చెట్ల గురించి బాధపడకండి. గింజలున్నాయి కదా. మేకల భయం కూడా పెద్దగా ఉండదు, మా గెట్ల మీద మేకలు అన్నీ కొరికి తంగేడును వదిలేస్తాయి. లేత మొలకను తొక్కకుండా మాత్రం చుట్టూ నాలుగు కంప కొమ్మలు పెట్టండి.

గుట్టకిందిల్లు (కరీంనగర్)

అందరికీ ఒక శుభవార్త! జూన్ మూడో వారంలో రెండు వానలు పడ్డాక పెట్టాను. చెలకరైతు అన్న చెప్పినట్టే వేడినీళ్లు పోశాను. ముప్పై ఒక్క గింజలుంటే ఐదు తేలాయి, తీసేశాను. మిగిలిన ఇరవై ఆరులో పొద్దున్నకు పదిహేడు ఉబ్బాయి, ఉబ్బనివి గరుకు కాగితం మీద రుద్దితే ఇంకో ఆరు ఉబ్బాయి. ఇంటి ముందు మొరంలోనే ఐదు గుంతలు తీసి పెట్టాను, మిగిలినవి వీధి చివర కట్ట వెంబడి పెట్టాను, అక్కడ ఎవరూ నీళ్లు పోయరు, సరిగ్గా దానికి తగిన చోటు.

ఎనిమిదో రోజు నుంచి మొలకలు లేచాయి. ఇప్పుడు ఇంటి ముందు ఐదు గుంతల్లో పదకొండు ఉన్నాయి, నాలుగైదు ఆకులు వచ్చాయి. ఆకు మొదట్లో ఆ చిన్న చెవులు కూడా కనబడుతున్నాయి, అమ్మను పిలిచి చూపించాను, కళ్లద్దాలు పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది. రోజూ పొద్దున లేవగానే ముందు వాటి దగ్గరికే పోతున్నది, చెంబుతో నీళ్లు తీసుకెళ్తుంటే నేనే వద్దని ఆపుతున్నాను.

ఒక్క గుంతలో మూడు మొలకలూ బలంగా ఉన్నాయి, బెత్తెడు దూరంలో పక్కపక్కనే. ఒకటే ఉంచి మిగతా రెండూ తీసి వేరే చోట పెట్టుకోవచ్చా? పడేయడానికి మనసు రావడం లేదు.

చెలకరైతు (దేవరకొండ)

చాలా సంతోషం అక్కా. తీసి వేరే చోట పెట్టకండి, ఇప్పటికే వేరు జానెడు పైన దిగి ఉంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. ఇంకో నెల మూడూ అట్లాగే ఉండనివ్వండి. ఏది గట్టిగా ఉందో తేలాక మిగతా రెండింటిని కత్తెరతో మొదట్లో కత్తిరించండి. పీకవద్దు, పీకితే ఉంచాలనుకున్నదాని వేరు కూడా కదులుతుంది.